పిల్లి దాచుకునేది మనకు కనపడాలి: లిట్టర్ నుంచి తిండి దాకా ఏది ఎంచుకోవాలి?

మా మసిగాడు అప్పటికి నాలుగేళ్ల గండుపిల్లి. ఒక రాత్రి పదకొండు గంటలప్పుడు లిట్టర్ బాక్సులోకి, అంటే పిల్లి మలమూత్రాలకు ఇంట్లో పెట్టే పెట్టెలోకి వెళ్లాడు. బయటికొచ్చాడు. రెండు నిమిషాల్లో మళ్లీ వెళ్లాడు. ఆ తర్వాత స్నానాల గదిలో గచ్చు మీద కూర్చుని ముక్కాడు, వెనక భాగం అదే పనిగా నాక్కున్నాడు, ఎప్పుడూ వినని బరువైన కూత ఒకటి గొంతులోంచి తీశాడు. కాలుగాలిన పిల్లి అని ఊరికే అంటుంటాం గానీ, అదేమిటో ఆ రాత్రి కళ్లారా చూశాను. మలబద్ధకం అనుకుని తెల్లవారే దాకా ఆగాను. పొద్దున డాక్టరుగారు పొట్ట తడిమి, మూత్రాశయం బంతిలా బిగిసిపోయిందని, మూత్రనాళం మూసుకుపోయిందని చెప్పారు. గండుపిల్లులకు ఆ నాళం చివర చాలా సన్నగా ఉంటుంది. కాసిని స్ఫటికాలు, కాస్త జిగురు చేరినా చాలు, అడ్డం పడుతుంది. ఒకటి రెండు రోజులు అలాగే వదిలేస్తే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోతుంది. మూడు రోజులు గొట్టం వేసి ఉంచారు. బతికాడు.

ఇంటికి తెచ్చుకున్నాక నన్ను తొలిచేసిన ప్రశ్న ఒకటుంది. దానికి ముందు రోజు వాడు ఎన్నిసార్లు మూత్రం పోశాడని డాక్టరుగారు అడిగితే చెప్పలేకపోయాను. మూత ఉన్న బాక్సు, అందులో పోసే మట్టి, అంటే లిట్టర్, అదీ తడిస్తే ముద్ద కట్టని రకం, ఎప్పుడూ నిండుగా ఉండే డ్రై ఫుడ్ (ఎండు గింజల తిండి) గిన్నె. వాసన రాకూడదని, పని పెరగకూడదని నేను ఏరి కొనుక్కున్నవే అన్నీ. అవన్నీ కలిసి వాడి ఒంట్లో ఏం జరుగుతోందో నా కంటపడకుండా చేశాయి.

పిల్లి వేటాడే జంతువే, కానీ అడవిలో తనకంటే పెద్దవాటికి అది కూడా వేటే. అందుకే నొప్పి బయటపడనివ్వకపోవడం దాని పుట్టుకలోనే ఉంది. కుక్కలా కుంటుకుంటూ మన దగ్గరికొచ్చి చెప్పుకోదు. మంచం కిందకి పోయి పడుకుంటుంది, అంతే. ఆ రోజు నుంచి పిల్లి కోసం రెండింట్లో ఒకటి ఎంచుకోవాల్సి వచ్చినప్పుడల్లా ముందుగా చూసేది ఇదే: దీనివల్ల పిల్లి గురించి నాకు ఎక్కువ తెలుస్తుందా, తక్కువ తెలుస్తుందా? ఖర్చు, శ్రమ, వాసన అన్నీ ఆ తర్వాత. కింద చెప్పే పోలికలన్నీ ఆ కొలతతో చూసినవే.

లిట్టర్: ముద్ద కట్టేదా, కట్టనిదా?

కొత్తగా పిల్లిని తెచ్చుకున్నవాళ్లు తిండి గురించి పది ప్రశ్నలు అడిగి, లిట్టర్ మాత్రం చేతికందింది కొనేస్తారు. నా దృష్టిలో అన్నిటికంటే ముందు ఆలోచించాల్సింది దీని గురించే.

ఒకప్పుడు జనం ఇసుక, బూడిద, పాత కాగితాలు వాడేవాళ్లు. 1947లో అమెరికాలో ఎడ్ లో అనే ఆయన, పిల్లి కోసం ఇసుక అడిగిన పొరుగావిడకు ఫ్యాక్టరీల్లో నూనె మరకలు పీల్చడానికి అమ్మే మట్టి ఇచ్చాడు. పిల్లిని ఇంట్లోనే ఉంచి పెంచడం మామూలు కుటుంబాలకు సాధ్యమైంది అలాంటి మట్టి వచ్చాకే. ఆ పాతకాలపు రకం ఇప్పటికీ దొరుకుతుంది. తడిని పీల్చుకుంటుంది గానీ ముద్ద కట్టదు. పెద్దవి తీసేయొచ్చు, మూత్రం మాత్రం అడుగున చేరుతూ ఉంటుంది, మొత్తం పారబోయడం తప్ప దారి లేదు.

బెంటొనైట్ మట్టితో చేసేది తడి తగలగానే ఉబ్బి గట్టి ముద్ద కడుతుంది. నేను వాడేది ఇదే, ఎవరడిగినా ముందు చెప్పేదీ ఇదే. పొద్దున్నే చిల్లుల గరిటెతో తవ్వితే రాత్రి జరిగిందంతా లెక్క దొరుకుతుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లి మామూలుగా రోజుకు రెండు నుంచి నాలుగు సార్లు మూత్రం పోస్తుంది. మసిగాడివి రాత్రి ఒకటి, పగలు రెండు, ఒక్కోటీ నా పిడికిలికి కాస్త తక్కువ. గోళీలంత చిన్న చిన్న ముద్దలు ఏడెనిమిది కనపడితే మూత్రాశయంలో మంట ఉన్నట్టు. ముద్దలు ఉన్నట్టుండి పెద్దవైనా, ఎక్కువైనా షుగర్, కిడ్నీ, థైరాయిడ్ వైపు చూడాలి. ఒక్కటీ లేకపోతే అది ప్రాణం మీదకి వచ్చిన సంగతి. కిడ్నీ జబ్బులో మామూలు రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరిగేసరికే కిడ్నీల పని సుమారు నాలుగింట మూడు వంతులు పోయి ఉంటుంది. ముద్దల సైజు మారడం చాలాసార్లు అంతకంటే ముందే కనపడుతుంది. రోజూ చేసే రెండు నిమిషాల పనికి ఇంతకంటే ఏం కావాలి?

దీని లోపాలూ చెప్పాలి. బరువు ఎక్కువ, దుమ్ము లేస్తుంది, పాదాలకు అంటుకుని ఇల్లంతా పడుతుంది. నాలుగు నెలల లోపు కూనలకు మాత్రం వద్దు. అవి కనపడిందల్లా నోట్లో పెట్టుకుంటాయి, కడుపులో ఉబ్బి అడ్డం పడే ప్రమాదం ఉంది. ఆ వయసు దాటేదాకా ముద్ద కట్టని రకమో, కాగితం గుళికలో వాడండి.

సిలికా స్ఫటికాలు వాసనను బాగా పట్టి ఉంచుతాయి, చాలా రోజులు వస్తాయి. పనిలో తీరిక లేనివాళ్లకు నచ్చడానికి కారణం అదే. నేను వద్దనేదీ అందుకే. మూత్రమంతా గింజల్లోకి పోయి ఎక్కడా ఆనవాలు ఉండదు. పైగా గింజలు గరుకుగా ఉంటాయని కొన్ని పిల్లులు అడుగు పెట్టవు. చెక్క గుళికలు తడిస్తే రంపపు పొట్టులా విడిపోతాయి, జల్లెడ ఉన్న ట్రేలో వాడితే శుభ్రం చేయడం తేలిక, దుమ్ము తక్కువ. లెక్క మాత్రం ఉజ్జాయింపుగానే తెలుస్తుంది. మొక్కజొన్న, సోయా పిప్పితో చేసేవి తేలిక, ముద్ద కడతాయి, మట్టి వద్దనుకునేవాళ్లకు మంచి మార్గం. తేమ ఎక్కువ ఉన్న గదిలో బూజు పట్టకుండా చూసుకోవాలి. కాగితం గుళికలు ఆపరేషన్ అయిన పిల్లికి కుట్లకు అంటుకోవు కాబట్టి ఆ పది పద్నాలుగు రోజులకు అవే మేలు.

సువాసన కలిపినవి ఏ రకమైనా వద్దు. ఆ పరిమళం మన ముక్కుకోసం చేసింది. ఆ బాక్సులో కూర్చోవాల్సిన జీవి ముక్కు మనకంటే ఎన్నో రెట్లు చురుకు. పిల్లి ట్రే వదిలేసి సోఫా వెనక చేస్తోందంటే చాలాసార్లు కారణం అక్కడే ఉంటుంది.

ఇన్ని చెప్పినా చివరి మాట పిల్లిదే. రెండు ఒకేలాంటి ట్రేలు పక్కపక్కన పెట్టి, రెండు రకాల లిట్టర్ పోసి వారం చూడండి. మల్లి, అంటే ఇప్పుడు మా ఇంట్లో ఉన్న రెండో పిల్లి, వచ్చిన కొత్తలో ఇదే చేశాను. సోయా రకం వైపు వెళ్లి, ఒక పాదం పెట్టి, విదిలించుకుని, పక్క ట్రేలోకి దూకింది. వారం పాటు అదే తంతు. ఇక చర్చ లేదు.

మూత ఉన్న బాక్సా, తెరిచి ఉన్న ట్రేనా?

మూత ఉన్నదానికి రెండు మంచి గుణాలు ఉన్నాయి: లిట్టర్ బయటికి చిమ్మదు, చూసేవాళ్లకు శుభ్రంగా కనపడుతుంది. మసిగాడు లోపల ఎంతసేపు కూర్చున్నాడో, ముక్కుతున్నాడో లేదో నాకు తెలియకపోవడానికి ఆ మూతే కారణం. లోపల అమ్మోనియా వాసన పేరుకుంటుంది, మన ముక్కు దాకా రాదు గనక శుభ్రం చేయడమూ వాయిదా పడుతుంది. రెండు పిల్లులున్న ఇంట్లో ఒకటి గుమ్మం దగ్గర కాపు కాస్తే లోపలున్నదానికి పారిపోయే దారి ఉండదు. నిజానికి, శుభ్రంగా ఉంటే మూత ఉన్నా లేకపోయినా పట్టించుకోని పిల్లులు చాలానే ఉన్నాయి. కాబట్టి మీ పిల్లికి మూత ఇష్టమైతే, రోజుకు రెండుసార్లు తీసి చూసే ఓపిక మీకుంటే, వాడుకోండి.

సైజు దగ్గర చాలామంది మోసపోతారు. ముక్కు నుంచి తోక మొదలు దాకా పిల్లి ఎంత పొడవుందో దానికి ఒకటిన్నర రెట్లు ట్రే ఉండాలి. పిల్లి ట్రేలని అమ్మేవాటిలో చాలావరకు ఆ లెక్కకు సరిపోవు. నేను బట్టలు దాచుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బా కొని, ఒక పక్క నేల నుంచి 12 సెంటీమీటర్ల ఎత్తు వదిలి గుమ్మంలా కోసి, అంచు గీసుకోకుండా సాండ్‌పేపర్‌తో రుద్దాను. గోడలు ఎత్తుగా ఉంటాయి గనక చిమ్మదు, పైన తెరిచే ఉంటుంది గనక కనపడుతుంది. ముసలి పిల్లికైతే గుమ్మం ఇంకా కిందకి కోయాలి, కీళ్ల నొప్పులతో కాలు ఎత్తలేదు. లోపల లిట్టర్ ఐదు నుంచి ఏడు సెంటీమీటర్ల మందం ఉంటే చాలు.

తనంతట తానే శుభ్రం చేసుకునే ఆటోమేటిక్ బాక్సుల గురించి చాలామంది అడుగుతారు. కొన్ని పిల్లి ఎన్నిసార్లు వెళ్లిందో, ఎంత బరువుందో ఫోన్‌లో చూపిస్తాయి. నా కొలత ప్రకారం అది మంచి మాటే. కానీ మూత్రంలో రక్తపు చార ఉందా, విరేచనం పల్చగా ఉందా అన్నది మిషన్ చెప్పదు, అన్నీ మూట కట్టి డబ్బాలో పడేస్తుంది. కూనలున్న ఇంట్లో మిషన్ తిరిగేటప్పుడు ఇరుక్కునే ప్రమాదం ఉంది కాబట్టి అసలే వద్దు. పిరికి పిల్లి ఆ చప్పుడుకి ఒక్కసారి బెదిరితే మళ్లీ రాదు. కొనగలిగినవాళ్లు కొన్నా, పక్కన మామూలు ట్రే ఒకటి తప్పనిసరిగా ఉంచండి.

ఎన్ని ట్రేలు? ఎన్ని పిల్లులో అన్ని, పైన ఒకటి. అన్నీ ఒకే మూల వరసగా పెడితే పిల్లి లెక్కలో అది ఒక్కటే. తిండి గిన్నెకు దూరంగా, వాషింగ్ మెషిన్ లాంటి చప్పుళ్లకు దూరంగా, వేరువేరు గదుల్లో పెట్టాలి. కడిగేటప్పుడు వాసన లేని సబ్బు, వేడినీళ్లు చాలు. ఫినాయిల్ రకం మందులు పిల్లి ఒంటికి విషం.

ఇంట్లో గర్భిణి ఉంటే పిల్లిని పంపించేయమని పెద్దవాళ్లు అంటారు. భయం టాక్సోప్లాస్మా గురించి. పిల్లి మలంలో వచ్చే ఆ పరాన్నజీవి గుడ్లు అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. రోజూ తప్పకుండా ట్రే శుభ్రం చేస్తూ, ఆ పని ఇంట్లో ఇంకొకరు తీసుకుంటే సరిపోతుంది. పిల్లిని వదిలేయాల్సిన అవసరం లేదు.

తిండి: డ్రై, వెట్, ఇంటి వంట

ఇక్కడ ముందు నీళ్ల లెక్క చూద్దాం. పిల్లుల పూర్వీకులు ఎడారి ప్రాంతపు ఆఫ్రికా అడవిపిల్లులు. వేటలోనే నీళ్లు దొరికేవి కాబట్టి దాహం తక్కువ, మూత్రం చిక్కన. నాలుగు కిలోల పిల్లికి రోజు మొత్తం మీద దాదాపు 200 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి. డ్రై ఫుడ్‌లో నీళ్లు పదోవంతు కంటే తక్కువ, డబ్బాల్లో, ప్యాకెట్లలో వచ్చే మెత్తని వెట్ ఫుడ్‌లో 75 నుంచి 80 శాతం. రోజుకు 200 నుంచి 250 కేలరీలు కావాల్సిన పిల్లికి డ్రై ఫుడ్ 60 గ్రాములు పెడితే అందులో వచ్చేది చెంచాడు నీళ్లు. అవే కేలరీలు వెట్ ఫుడ్‌లో పెడితే 200 మిల్లీలీటర్లకు అటూ ఇటూగా తిండిలోనే వచ్చేస్తాయి. డ్రై ఫుడ్ తినే పిల్లి గిన్నెలో ఎక్కువే తాగుతుంది గానీ, ఆ తేడా మొత్తం పూడదు.

కాబట్టి గండుపిల్లి ఉంటే, ఒకసారి మూత్రం ఇబ్బంది వచ్చి ఉంటే, కిడ్నీ జబ్బు ఉంటే, మలబద్ధకం ఉంటే, వెట్ ఫుడ్ వైపే నా ఓటు. మసిగాడి జబ్బుకి డ్రై ఫుడ్ ఒక్కటే కారణమనడం తప్పవుతుంది. ఎక్కువ బరువు, ఇంట్లో ఒత్తిడి, కదలిక లేకపోవడం అన్నీ కలుస్తాయి. కానీ వాటన్నిటిలో మర్నాటి నుంచే మార్చగలిగింది నీళ్లు.

డ్రై ఫుడ్‌ని తీసిపారేయను. కొలిచి పెట్టడం తేలిక, పగలంతా పాడవకుండా ఉంటుంది, ఆటబొమ్మలో దాచి పిల్లి చేత వెతికించొచ్చు. పేరున్న 'కంప్లీట్' (కావలసిన పోషకాలన్నీ ఉన్న) డ్రై ఫుడ్ తింటూ పదిహేనేళ్లు హాయిగా బతికే పిల్లులు ఎన్నో. అయితే గింజలు కొరికితే పళ్లు శుభ్రమవుతాయన్న మాట మామూలు డ్రై ఫుడ్‌కి వర్తించదు. పళ్లకోసం దాన్ని ఎంచుకోకండి. వెట్ ఫుడ్ ఖరీదెక్కువ, గిన్నెలో రెండు మూడు గంటలకు మించి ఉంచకూడదు. మా ఇంట్లో పొద్దున, రాత్రి వెట్ ఫుడ్, మధ్యాహ్నం గుప్పెడు కంటే తక్కువ డ్రై. మార్చేటప్పుడు వారం, పది రోజులు కలిపి కలిపి మార్చండి. ఒక్కసారి మారిస్తే విరేచనాలు, లేదా నిరాహార దీక్ష.

ఇంట్లో వండి పెట్టడం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ప్రేమ ఎక్కువున్నవాళ్లే ఇక్కడ పొరపాటు పడతారు. ఉడికించిన కోడి ముక్కలు ఒక్కటే పెడితే పిల్లికి కండ దొరుకుతుంది, కాల్షియం దొరకదు. అలా పెరిగిన కూనల ఎముకలు ఎంత గుల్లబారతాయంటే, స్టూలు మీంచి దూకినా విరుగుతాయి. ఇంకొకటి టారిన్ అనే పోషకం, మాంసంలో దొరుకుతుంది. పిల్లి ఒళ్లు దీన్ని కావలసినంత తయారు చేసుకోలేదు, తిండిలో రావాలి. రాకపోతే కంటిపొర దెబ్బతింటుంది, గుండె కండరం సాగి పల్చబడుతుంది. 1987లో ఆ గుండె జబ్బుకి టారిన్ లోటే కారణమని తేలినప్పుడు, ఆ పిల్లులు తింటున్నది ఇంటి వంట కూడా కాదు, అప్పటి డబ్బాల తిండే. తర్వాతే కంపెనీలు టారిన్ పాళ్లు పెంచాయి. తిండి తయారు చేయడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్లకే తెలియకుండా పోయిన లోటు, వంటగదిలో కంటికి ఎలా ఆనుతుంది? పైగా ఉడికిన నీళ్లలోకి టారిన్ దిగిపోతుంది. ఆ నీళ్లు పారబోస్తే అదీ పోయినట్టే. ఇంటి వంటే పెట్టాలనుకుంటే పశువుల పోషకాహారం చదివిన డాక్టరు రాసిచ్చిన పద్ధతి, గ్రాములతో సహా, పాటించాలి. అంత ఓపిక లేనప్పుడు రోజు తిండిలో పదో వంతుకు మించకుండా ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి తగలని ముక్క ముద్దుగా పెట్టండి, చాలు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి.

పచ్చి మాంసం అడవి జంతువుకి సహజం కదా అంటారు. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా కూడా అంతే సహజంగా వస్తుంది, పిల్లి నాలుక మీంచి పిల్లల చేతుల మీదకి. నేను పెట్టను. కుక్క తిండి పిల్లికి చాలదు, టారిన్, విటమిన్ ఏ, కొన్ని కొవ్వులు పిల్లికి కావలసినంత ఉండవు. పూర్తి శాకాహారం మీద పిల్లిని పెంచాలనుకోవడం దాని ఒంటికి విరుద్ధం. ఇంట్లోకి మాంసం రాకూడదన్నది మీకు గట్టి నియమమైతే కుందేలునో చిలకలాంటి పక్షినో పెంచుకోండి, ఇద్దరికీ మంచిది. ఇక పాలు. కళ్లు మూసుకుని పిల్లి పాలు తాగడం సామెతలోదే, నిజంగా తాగిన చాలా పెద్ద పిల్లులకు పాలలోని చక్కెర, లాక్టోజ్, అరగక కడుపు పాడవుతుంది. గిన్నెలో నీళ్లే పోయండి.

గిన్నె నిండా పోసి ఉంచాలా, వేళకు పెట్టాలా? వేళకే. గిన్నె నిండుగా ఉంటే పిల్లి తినడం మానేసిన సంగతి రెండో రోజుకి గానీ తెలియదు, రెండు పిల్లులుంటే ఎవరు మానేశారో అప్పటికీ తెలియదు. పిల్లి, ముఖ్యంగా లావు పిల్లి, రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వు కాలేయంలోకి చేరి అది మూలబడుతుంది. ఒక పూట వదిలేస్తే కనిపెట్టాలి, ఒక రోజంతా తినకపోతే డాక్టరుకి ఫోన్ చేయాలి. నెలకొకసారి పిల్లిని ఎత్తుకుని తూకం ఎక్కి, మీ బరువు తీసేసి రాసుకోండి. ఐదు కిలోల పిల్లి అరకిలో తగ్గితే అది పదోవంతు. మనకు కంటికి ఏమాత్రం ఆనదు, కాగితం మీద మాత్రం వెంటనే కనపడుతుంది.

నీళ్ల గిన్నె, ఫౌంటెన్ మధ్య ఎంపిక మీ పిల్లికి వదిలేయండి. కొన్ని పారే నీళ్లంటే పడిచస్తాయి, కొన్నిటికి తేడా లేదు. తిండికి దూరంగా రెండు మూడు చోట్ల వెడల్పు గిన్నెలు పెట్టి, రోజూ కడిగి మార్చడం ఫౌంటెన్ కంటే ముఖ్యం. ఫౌంటెన్ కొని కడగకపోతే అడుగున జిగురు పడుతుంది.

ఇంట్లోనే ఉంచాలా, బయట తిరగనివ్వాలా?

మసిగాడి కంటే ముందు నాకున్న పిల్లి బయట తిరిగేది. వీపు మీద పోట్లాట గాటు ఒకటి పైకి మానిపోయినట్టే ఉండి, లోపల చీము పట్టి, నాలుగో రోజు ఒళ్లు కాలిపోతుంటే గానీ నాకు తెలియలేదు. పిల్లి కాటు గాయాలకు ఉన్న గుణమే అది. సూదిలాంటి కోర దిగుతుంది, పైన చర్మం మూసుకుంటుంది. పిల్లుల్లో రోగనిరోధక శక్తిని తినేసే ఎఫ్‌ఐవీ అనే వైరస్ పాకేదీ ప్రధానంగా కాట్ల ద్వారానే. బండ్లు, కుక్కలు, ఎలుకల మందు సరేసరి. అన్నిటికీ మించి, బయట తిరిగే పిల్లి ఏం తిన్నది, ఎక్కడ పోసింది, ఎలా పోసింది అన్నది మనకు తెలిసే దారే లేదు.

అలాగని తలుపులు మూసేస్తే సరిపోదు. పని లేని పిల్లి లావెక్కుతుంది, విసుగుతో తన బొచ్చు తానే పీక్కుంటుంది, ఆ ఒత్తిడి మూత్రాశయం మంటగా కూడా బయటపడుతుంది. ఇంట్లో ఉంచాలని నిర్ణయించుకున్నవాళ్లు దానికి వేట బదులు ఇవ్వాలి. తాడు చివర ఈక కట్టి పది, పదిహేను నిమిషాలు, రోజుకు రెండుసార్లు. ఈకను పిల్లి ముఖం మీదకి ఊపకండి, ఏ ఎలుకా పిల్లి మీదకి పరిగెత్తదు. దూరంగా, తలుపు చాటుకి, దుప్పటి కిందకి జారుకోవాలి. మధ్యలో ఆగాలి. అప్పుడు చూడండి, మల్లి నడుము కిందకి దించి, వెనక కాళ్లు ఆడించి, ఒక్క దూకు దూకుతుంది. చివరికి దొరకనివ్వాలి, వెంటనే తిండి పెట్టాలి. వేట, తిండి, ఒళ్లు నాక్కోవడం, నిద్ర: అది పిల్లి రోజు నడిచే వరస. కిటికీ దగ్గర కూర్చోవడానికి ఒక అర, బీరువా పైకి ఎక్కే దారి కూడా కావాలి.

ఈ రెంటికీ మధ్య దారి బాల్కనీకి గట్టి వల బిగించడం. ఎత్తు మీంచి పడ్డా పిల్లి కాళ్ల మీదే దిగుతుందనే నమ్మకంతో తెరిచిన కిటికీ వదిలేయకండి. కాళ్ల మీద దిగినా దవడలు, ఛాతీ పగులుతాయి. హార్నెస్ (ఛాతీకి కట్టే పట్టీ) వేసి తిప్పడం చిన్నప్పటి నుంచి అలవాటైనవాటికి బాగుంటుంది, పెద్ద వయసులో మొదలుపెడితే చాలా పిల్లులు నేలకి కరుచుకుపోతాయి.

కూనా, పెద్దదా? ఒకటా, రెండా?

ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటే కూన. పగలంతా ఇల్లు తాళం వేసి ఉంటే రెండేళ్లు దాటిన పిల్లి మేలు, దాని స్వభావం అప్పటికే తెలిసిపోయి ఉంటుంది. కూనైతే తల్లి దగ్గర కనీసం ఎనిమిది వారాలు, వీలైతే పన్నెండు, ఉండాలి. కరవడంలో, గీరడంలో హద్దులు నేర్పేది తల్లీ తోబుట్టువులే. ఒకే ఈతలోని రెండు కూనలను కలిపి తెచ్చుకోవడం ఒక్కదాన్ని పెంచడం కంటే సుళువని నా అనుభవం. ఒకదాని మీద ఒకటి పడి అలిసిపోతాయి, మన మడమల జోలికి రావు. ఏళ్లుగా ఒంటరిగా రాజ్యమేలిన పెద్ద పిల్లికి తోడు తెస్తే మాత్రం వాటిని వారాల తరబడి తలుపుకి అటూ ఇటూ ఉంచి, వాసన మార్చి, మెల్లగా కలపాలి.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ విషయంలో పోల్చడానికి పెద్దగా ఏమీ లేదు, ఐదు నెలలు నిండేలోపే చేయించండి. ఆడపిల్లి నాలుగు నెలలకే చూలు కట్టగలదు. ఒక్క ఈత కాగానే చేయించాలన్న మాట వినకండి. ఆరు నెలల లోపే ఆపరేషన్ జరిగితే రొమ్ము క్యాన్సర్ ముప్పు బాగా తగ్గిపోతుంది. గండుపిల్లి గోడల మీద చిమ్మే అలవాటూ చాలావరకు పోతుంది. ఆ తర్వాత ఒంటికి కావాల్సిన కేలరీలు తగ్గుతాయి కాబట్టి గిన్నె కూడా తగ్గించాలి. టీకాలు ఆరు, ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి పదహారు వారాలు నిండే దాకా.

గోళ్లు గీరుకోవడానికి నార తాడు చుట్టిన స్తంభమా, అట్ట పలకా? పిల్లి ఇప్పటికే ఏం గీరుతోందో చూడండి. సోఫా చేయి గీరితే నిలువు స్తంభం, చాప గీరితే అడ్డంగా పడుకునే అట్ట. స్తంభం పిల్లి ఒళ్లు విరుచుకునేంత ఎత్తుండాలి, మూడడుగులకు తగ్గకూడదు, ఊగకూడదు. గోళ్లు తీయించడం ఎంపిక కానే కాదు, అది ప్రతి వేలికీ చివరి ఎముక కోసేయడం.

పేలు, పిడుదుల మందు మాత్రం మీరే పోల్చి కొనకండి. కుక్కల మందుల్లో ఉండే పెర్మెత్రిన్ పిల్లికి వణుకు, మూర్ఛలు తెప్పిస్తుంది. జ్వరమనిపించి సగం పారాసిటమాల్ మాత్ర వేయడం పిల్లిని చంపేస్తుంది. ఇంట్లో బొకేల్లో వచ్చే పెద్ద రేకుల లిల్లీ పూలు (లిలియం) పెట్టొద్దు, వాటి పుప్పొడి నాకినా కిడ్నీలు పోతాయి.

పొద్దుటిదాకా ఆగాలా, ఇప్పుడే వెళ్లాలా?

నేను తప్పుగా ఎంచుకున్నది దీన్నే కాబట్టి వివరంగా చెబుతాను. ఒకసారి వాంతి చేసుకుని, తర్వాత మామూలుగా తిని ఆడుతున్న పిల్లిని పొద్దుటిదాకా చూడొచ్చు. తుమ్ములు వస్తున్నా తింటూ ఉంటే చూడొచ్చు. నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంటే ఆగకూడదు. నిద్రలో ఉన్నప్పుడు ఛాతీ ఎన్నిసార్లు లేస్తోందో నిమిషం పాటు లెక్కపెట్టండి, ముప్పై దాటుతూ ఉంటే ఆగకూడదు. వెనక కాళ్లు ఉన్నట్టుండి పడిపోయి చల్లబడితే ఆగకూడదు. ట్రేలోకి పదేపదే వెళ్తూ ఒక్క ముద్దా పడకపోతే, అది గండుపిల్లైతే, రాత్రి రెండు గంటలైనా బయల్దేరాలి.

ఆ గడియలో బుట్ట వెతుక్కోవడం, పిల్లిని మంచం కిందనుంచి లాగడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకు తెలుసు. పైన మూత తెరుచుకునే గట్టి ప్లాస్టిక్ క్యారియర్ కొనండి, ముందు నుంచి మాత్రమే తెరుచుకునేదాంట్లోంచి బెదిరిన పిల్లిని తీయడం డాక్టరుకీ కష్టమే. కొన్నాక అటక మీద పెట్టకండి. మాది హాల్లో సోఫా పక్కన, తలుపు తీసేసి, పాత దుప్పటి పరిచి ఉంటుంది. మసిగాడు మధ్యాహ్నాలు అందులోనే పడుకుంటాడు, తోక ఒక్కటి బయట పెట్టి.